సున్నం మీద సేటు అడుగులు

నా వల్ల ఒక పిల్లి చచ్చిపోయింది. చచ్చిపోయి ఊరుకుని ఉంటే ఈ ముచ్చట మీ దాకా వచ్చేదే కాదు. పూడ్చిపెట్టిన సాయంత్రమే అది తిరిగొచ్చింది. ఆ తర్వాత నేను పడ్డ పాట్లు, పెట్టిన పరుగులు, మొక్కిన మొక్కులు ఇప్పటికీ ఆర్మూర్ చాయ్ హోటళ్ల ముందు చెప్పుకుంటారు. చెప్పేవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పరు కదా, భయానికి నేను ప్యాంటు తడుపుకున్నానని కూడా కలుపుతారు. అది శుద్ధ అబద్ధం. నా మీద సున్నం బకెట్ ఒలికింది, అంతే. ఆ ఒక్క విషయంలోనైనా పరువు దక్కించుకుందామని మొత్తం సంగతి నేనే చెప్పేస్తున్నాను. పొద్దుండగానే చదవండి. దీపాలు పెట్టాక ఒంటరిగా చదివి, కిటికీ దగ్గర ఏదో గీకినట్టు వినిపించిందంటే నాకు సంబంధం లేదు.

అప్పటికి నాకు ఇరవై దాటాయి. డిగ్రీ ఒక పేపరు దగ్గర ఆగింది, దుబాయ్ వీసా ఏజెంటు దగ్గర ఆగింది, నేను మంచం మీద ఆగాను. మా అమ్మ కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు పొద్దున నా చేతిలో ఫోను లాక్కుంది.

“మంచానికి నడుము నొప్పి లేశింది గని నీకు లేస్తలేదారా? లే. రాజవ్వ చిన్నమ్మ దగ్గరికి పో. గాడ కుక్కలకు నీళ్లు పెట్ట మనిషి కావాల్నట.”

“కుక్కల దగ్గర పనా అమ్మా?”

“మనుషుల నడుమ పనిజేసే అక్కల్ నీకింక రాలే కొడుకా. ముందుగాల కుక్కలతోటి మొదలుపెట్టు.”

రాజవ్వ మా అమ్మకు వరసకు చెల్లెలు. బీడీలు చుట్టి బతికిన మనిషి. ఆమె భర్త దుబాయ్‌లో పోయాడు. ఆయన శవం ఉన్న పెట్టె ఇంటికి చేరడానికి చాలా రోజులు పట్టింది. అలా ఎదురుచూస్తున్న రోజుల్లోనే ఎక్కడి నుంచో ఒక పిల్లికూన వచ్చి ఆమె బీడీల చాటలో, తునికాకు మీద ముడుచుకుని పడుకుంది. తరిమితే పోలేదు. పెట్టె వచ్చింది, దినాలు అయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు. పిల్లి మాత్రం పోలేదు. దాని తర్వాత ఒక కుంటి కుక్క వచ్చింది, కుక్క తర్వాత ఒక గుడ్డి ఎద్దు వచ్చింది. అలా మార్కెట్ యార్డు వెనక, భర్త కొనిపెట్టిన పాత మక్కజొన్నల గోదాం కాస్తా దిక్కులేని జీవాల ఆశ్రయంగా మారింది. బోర్డు మీద ఏదో పెద్ద పేరే ఉంది గానీ, ఊరు ఊరంతా దాన్ని రాజవ్వ దొడ్డి అనే అంటుంది.

ఆ మొదటి పిల్లే సేటు. పసుపు బస్తాల మీద పొట్ట వేలాడేసుకుని కూర్చునే తీరు చూసి ఎవరో ఆ పేరు పెట్టారు. పిల్లులను పెంచుకుంటామని వచ్చేవాళ్లకు రాజవ్వ వాటిని ఇచ్చేస్తుంటుంది. సేటును కూడా ఇచ్చి చూసింది. నవీపేట్ వాళ్లు బుట్టలో పెట్టుకుపోయారు. వారం తిరక్కముందే వచ్చేశాడు. పోచంపాడ్‌లో చేపలు పట్టేవాళ్ల ఇంటికి పంపింది. చేపలుండే ఇల్లు వదిలి ఏ పిల్లి వస్తుంది, మీరే చెప్పండి. సేటు వచ్చాడు. ఎలా వచ్చాడో, ఏ ఆటో ఎక్కాడో ఎవరికీ తెలియదు. పొద్దున లేచి చూస్తే బీడీల చాటలో ఉన్నాడు.

“వీన్ని యాడికి పంపినా తిరిగొస్తడు,” అనేది రాజవ్వ మురిపెంగా.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత నాకు ఇది మహా బాగా గుర్తొచ్చింది.

సేటు దినచర్య గడియారం పెట్టుకున్నట్టు సాగేది. పొద్దున రాజవ్వ చాట పక్కన కూర్చుని బీడీలు లెక్క తప్పకుండా చూసేవాడు. ఎండెక్కగానే ప్రహరీ గోడ దాటి పక్కనున్న పసుపు గోదాంలోకి డ్యూటీకి పోయేవాడు. అక్కడ పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే పాలిష్ డ్రమ్ము ఉంది. సీజన్‌లో అది తిరగడం మొదలైతే వీధి వీధంతా పచ్చబడుతుంది. హమాలీల కనుబొమలు పచ్చన, కరెంటు తీగ మీది పిట్టలు పచ్చన, చాయ్ మీద తేలే మీగడ కూడా పచ్చన. సేటు పుట్టుకతో తెలుపు. ఆ సంగతి వానాకాలంలోనే బయటపడుతుంది. మిగిలిన కాలమంతా పెళ్లికి నలుగు పెట్టినట్టు ఉంటాడు.

పొద్దుమీకాక, దీపాల వేళకు, ఆయన రాక ఒకటి చూసి తీరాల్సిందే. అప్పటిదాకా ఒకదాని మీద ఒకటి మొరిగే కుక్కలు ఒక్కసారిగా నోళ్లు మూసుకునేవి. తలెత్తి చూస్తే గోడ మీద సేటు. తొందర లేకుండా, చప్పుడు లేకుండా గోడ పొడుగునా నడిచి, వెనక కిటికీలోంచి లోపలికి దిగేవాడు. ఆ నిశ్శబ్దం చూస్తే మొదటి రోజు నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. ముక్కు మీద సేటు గోరు పడని కుక్క ఆ దొడ్డిలో లేదని తర్వాత తెలిసింది. ఏదో పాత యుద్ధంలో ఆయనకూ కుడి చెవి సగం పోయింది.

నాకూ ఆయనకూ మొదటి నుంచీ పడేది కాదు. నేను పని ఎగ్గొట్టి ఎద్దు చాటున కూర్చుంటే ఎదురుగా వచ్చి కూర్చుని, రెప్ప వేయకుండా చూసేవాడు. మా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ కూడా నన్ను అలా చూడలేదు.

అలా ఉండగా నందిపేట్‌లో రాజవ్వ బిడ్డకు కాన్పు దగ్గరపడింది. బయల్దేరుతూ నన్ను పిలిచింది.

“శేఖర్, నేనొచ్చేటాలకు గోడలకు సున్నం కొట్టిపెట్టు. సూస్తె దయ్యాల కొంప లెక్కున్నది. ఇంకోటి. ఏదన్న మర్శిపో గని, ఎనుక కిటికి మాత్రం మూయకు. సేటు పొద్దుమీకి గాడికెల్లే వస్తడు. ఎరుకైందా?”

“ఎరుకైంది చిన్నమ్మా.”

“ఏం జెప్పిన?”

“కిటికి మూయొద్దు.”

“నా బంగారం,” అని తల నిమిరి ఆటో ఎక్కింది.

బంగారం ఏం చేశాడో వినండి. సున్నం కలిపి, నార కుచ్చె పట్టి, ప్రహరీ గోడ, దాని పైగట్టు, కిటికీ గట్టు, అన్నీ చిక్కగా, మెరిసేలా కొట్టాడు. జీవితంలో నేను మొదలుపెట్టి పూర్తిచేసిన మొదటి పని అది. దూరం నుంచి చూసుకున్నాను, దగ్గరి నుంచి చూసుకున్నాను, ఫోటో తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఇంకాసేపట్లో సేటు పసుపు కాళ్లేసుకుని ఈ తెల్లటి కిటికీ గట్టు మీద దిగుతాడు. ప్రాణం ఒప్పలేదు. గోడ సంగతి నా చేతుల్లో లేదు, కిటికీనైనా కాపాడుకుందాం, ఒక్క రాత్రే కదా అనుకున్నాను. తలుపులు మూసి, గడియ పెట్టి, ఇంటికి పోయి హాయిగా పడుకున్నాను.

పొద్దున వచ్చేసరికి యార్డు ముందు రోడ్డు మీద ఒక పిల్లి చచ్చి పడి ఉంది. లారీ తొక్కేసింది. తల వైపు చూడలేక కళ్లు తిప్పుకున్నాను. ఒళ్లు మాత్రం పచ్చగా ఉంది.

మా దొడ్డిలో మల్లేశం అని ఉన్నాడు. దెబ్బలు తగిలిన జీవాలను ఆటోలో ఎక్కించుకొచ్చే మనిషి. మీసాలు చూస్తే పులి, గుండె చూస్తే కోడిపిల్ల. అతను గోనెసంచి పట్టుకుని పరుగున వచ్చి, నేను సంచి కప్పేదాకా మొహం అటు తిప్పుకునే నిలబడ్డాడు.

“సేటేనా తమ్మీ?”

“సేటేనే అన్నా. గింత పచ్చగ ఇంకెవలుంటరు?”

“చెవి సూసినవా?”

“సూసిన.”

నేను చూడలేదు. చూసే ధైర్యం లేదు. నిజానికి చూడాల్సిన అవసరం కూడా నాకు కనిపించలేదు. రాత్రి కిటికీ మూసింది నేను, లోపలికి దారి లేక సేటు రోడ్డు మీదికి పోయాడు, లారీ వచ్చింది. లెక్క సరిపోయింది. ప్రహరీ గోడ పక్కన గొయ్యి తీసి, పూడ్చి, మీద ఒక బండ పెట్టాం. ఆ ఏడుపులో ఇద్దరం తలెత్తి గోడ వైపు చూడనే లేదు.

“యాడికి పంపినా తిరిగొచ్చెటోడు,” అన్నాడు మల్లేశం కళ్లు తుడుచుకుంటూ.

“ఊకో అన్నా,” అన్నాను. ఆ మాట నాకు ఎందుకో అప్పుడే నచ్చలేదు.

రాజవ్వకు ఫోను చేసి చెప్పింది మల్లేశమే. అవతల నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తర్వాత ఫోను నాకివ్వమంది.

“కిటికి తెరిశే ఉండెగదా శేఖర్?”

“తెరిశే ఉండె చిన్నమ్మా.”

“మరి గట్లెందుకు వోయిండు రోడ్డు మీదికి?” అని తనను తానే అడుగుతున్నట్టు అంది. “బాలింతను ఇడిశి ఇప్పుడు రాలేను. మూడోనాటికి వస్త. వాడు జంతువైతేంది, నా సేటుకు పిట్టకు పెట్టాలె.”

పిట్టకు పెట్టడమంటే తెలియనివాళ్లు ఉంటారేమో, చెబుతాను. మనిషి పోయిన మూడోనాడు, వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి కాకులను పిలుస్తాం. కాకి వచ్చి ముట్టిందంటే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టు, లేదా ఎవరి మీదో కోపం ఉన్నట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరూ వచ్చి తప్పు ఒప్పుకోవాలి, మాట ఇవ్వాలి. సేటుకు ఎవరి మీద కోపం ఉందో ఆ దొడ్డి మొత్తంలో నాకొక్కడికే తెలుసు. కాకి ముట్టకపోతే నా బతుకు అందరి ముందూ బజారున పడుతుందని కూడా అప్పుడే అర్థమైంది.

ఆ సాయంత్రం కుక్కలకు అన్నం పెడుతున్నాను. ఎప్పటిలాగే మొరుగుతున్నాయి. ఉన్నట్టుండి మొరగడం ఆగిపోయింది.

ఒక్కటి కాదు, అన్నీ ఆగాయి. గిన్నెలో మూతి పెట్టిన కుక్క మూతి అలాగే ఉంచి చెవులు నిక్కించింది. నేను తల ఎత్తలేదు. ఎత్తితే గోడ కనిపిస్తుంది కదా. కట్టేసి ఉన్న గుడ్డి ఎద్దు మెల్లగా మెడ తిప్పి కిటికీ వైపు చూసింది. కళ్లు లేని ఎద్దు, చూడండి. అది దేన్ని చూస్తున్నట్టు?

అప్పుడు వినిపించింది. మూసిన కిటికీ చెక్క మీద గోళ్లు. గీక్... కాసేపు ఆగి, మళ్లీ గీక్. తొందరేమీ లేదు. లోపల ఎవరో ఉన్నారని, ఎప్పటికైనా తీస్తారని తెలిసినట్టు. పసుపు వాసన గుప్పుమంది. నేను ఎద్దు కడుపు కిందికి దూరి, అక్కడే కూర్చుని, నాకు తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచాను. తెలియనివాళ్లను కూడా పిలిచాను.

మర్నాడు పొద్దున మల్లేశం నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కుపోయాడు. వేలు చూపించాడు.

తెల్లటి సున్నం గోడ మీద పిల్లి అడుగులు. ఎర్రగా. నెత్తురులో కాళ్లు ముంచి నడిచినట్టు, ఒకదాని వెనక ఒకటి, గోడ పొడుగునా సాగి, కిటికీ గట్టు మీదికి దిగి, అక్కడ గుంపుగా ఉన్నాయి. చాలాసేపు నిలబడి ఎదురుచూసినట్టు. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఆ అడుగులు సరిగ్గా మేం గొయ్యి తీసిన చోట, బండ పక్కనుంచే మొదలయ్యాయి.

“నెత్తురు తమ్మీ,” అన్నాడు మల్లేశం.

“ఏలు పెట్టి సూడే అన్నా.”

“నువ్వు పెట్టు.”

“నువ్వు పెద్దోనివి.”

“పెండ్లాం పిల్లలున్నోన్నిరా!”

ఇద్దరం పెట్టలేదు. పెట్టి ఉంటే ఈ కథ అక్కడికి ముగిసేది. నేను ఏం చేశానంటే, సున్నం బకెట్ తెచ్చి ఆ అడుగులన్నిటి మీదా మళ్లీ సున్నం కొట్టాను. ఈసారి ఇంకా చిక్కగా, ఇంకా తడిగా. కిటికీకి లోపలి నుంచి అడ్డంగా ఒక చెక్క పెట్టి మేకులు కొట్టాను. దయ్యానికి మేకులు అడ్డమా అని మీరు అడగొచ్చు. మల్లేశం కూడా అడిగాడు. ఇంకో మేకు కొట్టాను.

ఆ సాయంత్రం అతను ఆటోలో ఏదో సప్పుడొస్తుందని షెడ్డుకు పోయి, మళ్లీ కనిపించలేదు. నేను ఒక్కణ్నే మిగిలాను. వెలుతురు ఉండగానే వెళ్లిపోదామని మిగిలిన సున్నం బకెట్ భుజానికెత్తుకుని గోదాం లోపలికి వచ్చాను. కుక్కలు నోళ్లు మూసుకున్నాయి.

ఈసారి గీకడం లేదు. అరుపు. చిన్నగా, బొంగురుగా, పేరు పెట్టి పిలిచినట్టు. “మ్యా...” అని, చివర ఒక ప్రశ్న. ఎందుకు మూశావు అన్నట్టు. నా కాళ్లు నా మాట వినకుండా కిటికీ దగ్గరికి నడిచాయి. చెక్క కింద తలుపు రెక్కల మధ్య సన్నని సందు ఉంది. వంగి చూశాను.

సందులోంచి ఒక కన్ను నన్ను చూస్తోంది. రెప్ప వేయకుండా.

బకెట్ అప్పుడు ఒలికింది. తల మీది నుంచి కాళ్ల దాకా. మీకు ముందే చెప్పాను కదా, అది సున్నం. నేను కేక పెట్టి గేటు దాటి రోడ్డు మీద పరుగు తీశాను. బీడీల కార్ఖానా నుంచి ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు, మసక చీకట్లో తెల్లగా, చేతులు చాపుకుని పరుగెత్తుకొస్తున్న నన్ను చూసి చాటలు అక్కడే పారేసి పొలాల్లోకి దూకారు. ఆర్మూర్‌లో ఆ సాయంత్రం దయ్యాన్ని చూశామని వాళ్లు ఇప్పటికీ చెబుతారు. పాపం, వాళ్లది అబద్ధం అనలేను.

ఇంట్లో అమ్మ నన్ను నిలువెల్లా కడిగి, మంట తగ్గడానికి నూనె రాసింది. కథ మొత్తం విని, ఒక్క కిటికీ సంగతి తప్ప (అది అమ్మకూ చెప్పలేదు), గట్టిగా నిట్టూర్చింది.

“దిష్టి తగిలింది కొడుకా. జడుసుకున్నవ్. కూసో.”

ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసింది. చిటికెడు పసుపు వేసింది. చిటికెడు సున్నం వేసింది. వేలితో కలిపింది. నీళ్లు ఎర్రగా అయ్యాయి. నా చుట్టూ మూడుసార్లు తిప్పుతూ, “థూ, థూ, పిల్లి దిష్టి, కుక్క దిష్టి, గోడల మీది ఎర్రడుగుల దిష్టి,” అంటోంది. నేను ఆ ఎర్రటి నీళ్లలోకే చూస్తూ, సేటూ, తప్పయింది, నన్ను వదిలేయమని మొక్కుకుంటున్నాను. పళ్లెం నా ముక్కు కింద ఉంది. అయినా నాకు ఏమీ తట్టలేదు. అమ్మకూ తట్టలేదు. పసుపు పండించే ఇంట్లో పుట్టి, పసుపులో పెరిగి, పసుపు అమ్మి ఫీజు కట్టి చదువుకున్నవాణ్ని నేను. ఆ పేపరు ఎందుకు తప్పానో మీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది.

మూడోనాడు పొద్దున్నే పోయి చూస్తే మళ్లీ అడుగులు. రాజవ్వ చూస్తే ఇంకేమైనా ఉందా? గబగబా మళ్లీ సున్నం కొట్టాను. కిటికీకి కొట్టిన చెక్క కనబడకుండా గోనెసంచి వేలాడదీశాను. పదింటికి రాజవ్వ వచ్చింది. నేరుగా బండ దగ్గరికి పోయి కూర్చుని, దాన్ని చేత్తో నిమిరింది. ఆ రెండు రోజుల్లోనే మనిషి పీక్కుపోయింది. అది చూశాక దయ్యం భయం ఒక మూలకు పోయి, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది.

మోదుగాకు విస్తరిలో పాలన్నం పెట్టింది. పోచంపాడ్ నుంచి తెప్పించిన బొచ్చె చేప తలకాయ పులుసు పెట్టింది. అది సేటు ప్రాణం. విస్తరి బండ పక్కన పెట్టి అందరం దూరం జరిగాం. నేను, అమ్మ, మల్లేశం, రాజవ్వ.

“కావ్, కావ్,” అని పిలిచింది రాజవ్వ.

కరెంటు తీగ మీద కాకులు వరసగా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. అన్నీ విస్తరి వైపు కాకుండా పక్క గోదాం కప్పు వైపు చూస్తున్నాయి. పాలిష్ డ్రమ్ము తిరగడం లేదు. కుక్కలు మొరగడం లేదు. మధ్యాహ్నం ఎండలో ఆ నిశ్శబ్దం, నన్ను నమ్మండి, ఏ చీకటి కంటే అన్యాయంగా ఉంది.

“సేటూ, నువ్వు పోయినంక సుత నీ చాట నీకే ఉంచుత బిడ్డా,” అంది రాజవ్వ.

కాకి రాలేదు.

“సేటూ, నీ తోక తొక్కిన గదా ఓపాలి, మనసుల పెట్టుకోకు,” అన్నాడు మల్లేశం.

కాకి రాలేదు.

రాజవ్వ నేల మీద కూలబడింది. “నా పెనిమిటికి పెట్టిననాడు గిట్లనే ముట్టలే. అందరు అడిగిండ్రు, అన్ని మాటలిచ్చిండ్రు. ఆఖర్కి నేను గీ పిల్లిని ఒళ్లె పెట్టుకోని, నువ్వు పంపినవనే అనుకుంట, దీన్ని కండ్లల్ల పెట్టుకోని సూసుకుంట అని మాటిచ్చిన. అప్పుడు ముట్టింది కాకి. ఆయనకిచ్చిన మాట గిదొక్కటే. గదన్న నిలుపుకోకపోతి.”

ఇక నా వల్ల కాలేదు.

“చిన్నమ్మా, నువ్వు కాదు. కిటికి నేను మూసిన. సున్నం ఖరాబైతదని మూసిన. తెరిశే ఉండెనని అబద్ధం జెప్పిన. సేటు రోజూ వస్తుండు చిన్నమ్మా, కిటికి గీకుతుండు, లోపటికి రానియ్యమంటుండు. నేను భయంతోటి మేకులు కొట్టిన.”

రాజవ్వ తిడుతుందని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది. ఆమె మెల్లగా తలెత్తింది.

“పోయి తెరువు,” అంది. “దయ్యమైతేంది, నా సేటేనాయె.”

వెళ్లాను. సంచి తీశాను. మేకులు పీకాను. గడియ తీసి తలుపులు తోశాను. ఆ కిటికీకి ఒక పాత కిర్రు ఉంది. ఆ కిర్రు వినపడగానే కరెంటు తీగ మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

పక్క గోదాం కప్పు కింద వెంటిలేటర్ లోంచి ఒక తల బయటికి వచ్చింది. తర్వాత పొట్ట వచ్చింది. తర్వాత మిగతా సేటు మొత్తం వచ్చాడు. ఒళ్లు విరుచుకుని, సరిగ్గా బండ పక్కనే గోడ మీదికి దూకి, తొందర లేకుండా నడవడం మొదలుపెట్టాడు. పసుపు కాలు ఇంకా ఆరని చిక్కటి సున్నం మీద పెట్టాడు, తీశాడు. పచ్చటి గుర్తు పడింది. అందరం చూస్తుండగానే అది నారింజ రంగుకు తిరిగి, ఎర్రబడింది. ఇంకో అడుగు. అదీ ఎర్రబడింది.

మల్లేశం కుక్కల బోనులోకి దూరి లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు. మా అమ్మ మాత్రం గోడ వైపు చూసింది, నా వైపు చూసింది, చేత్తో నుదురు కొట్టుకుంది.

“అరే శేఖర్, రాత్రి నీ నెత్తి సుట్టు తిప్పిన నీళ్లు యే రంగుంటయిరా?”

సేటు గోడ దిగాడు. బండ మీదుగా నడిచి, విస్తరి ముందు కూర్చుని, సగం చెవి ఊపుకుంటూ చేప తలకాయ తినడం మొదలుపెట్టాడు. తన మూడోనాటి పిట్టముద్దను తానే తిన్న జీవి మా జిల్లాలో మరొకటి ఉన్నట్టు నేను వినలేదు. రోజంతా పక్క గోదాంలోనే ఉన్నాడు ఆయన. సీజన్ కదా, ఎలుకలు బాగా ఉన్నాయి. సాయంత్రం ఇంటికి వస్తే కిటికీ మూసి ఉంది, ఎంత పిలిచినా లోపలున్న వెధవ తీయడం లేదు. అలిగి తిరిగి పోయాడు. ఆ మూడు రోజుల దయ్యం కథ ఇంతే.

రాజవ్వ వాణ్ని ఎత్తుకుని గుండెలకు అదుముకుంది. ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ చేతికందిన సున్నం కుచ్చెతో నా వీపు మీద బాదింది. నేను కదలకుండా నిలబడి తిన్నాను. జీవితంలో నేను సంతోషంగా తిన్న దెబ్బలు అవే.

కాసేపటికి ఆమె నవ్వు ఆగిపోయింది. బండ వైపు చూసింది.

“మరి గా బొందల ఉన్నది ఎవలు?”

సీజన్‌లో ఈ వీధిలో తిరిగే ప్రతి పిల్లీ పచ్చనే. దానికి పేరుందో లేదో, ఎవరైనా దాని కోసం చూస్తున్నారో లేదో. వేరే ఎవరి పేరో పెట్టి, ఎవరి కోసమో ఏడ్చి, దాన్ని పంపేశాం. నా వెన్నులో చలి పుట్టింది. ఈసారి అది దయ్యం భయం కాదు.

రాజవ్వ గిన్నె అడుగున మిగిలిన అన్నం, పులుసు ఇంకో ఆకులో పెట్టింది. సేటు అటు మూతి చాపితే చెవి పట్టి ఆపింది.

“నువ్వెవలవో ఎరుకలేదు బిడ్డా. తప్పైంది మాతోని. గిది నీదే,” అంది.

ఆకు కింద పెట్టి ఆమె ఇంకా చెయ్యి తీయనే లేదు. ఒక కాకి ఎక్కడి నుంచో దిగి, ముద్ద నోట కరుచుకుని పోయింది. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. అమ్మ చూడకుండా సున్నం చేతులతో కళ్లు తుడుచుకున్నాను. కళ్లు మండి ఇంకా ఏడ్చాను.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. వీసా వచ్చింది, నేను పోలేదు. సేటు ముసలివాడయ్యాడు, గోడ మీద ఇంకొంచెం మెల్లగా నడుస్తాడు, కుక్కలు ఇంకా నోళ్లు మూసుకుంటాయి. వెనక కిటికీకి తలుపులే లేవు. నేనే ఊడబీకి పొయ్యిలో పెట్టాను. ఆ బండ మీద ఏటా సున్నం కొట్టేది కూడా నేనే, కాకపోతే పసుపు దుమ్ము లేని వానాకాలంలో.

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, ఇది రాస్తున్న నా ఒళ్లో పడుకుని రెప్ప వేయకుండా నన్నే చూస్తున్న సేటు నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ జీవి ముందూ కిటికీ మూయను. ఏ పిల్లినైనా దాని రెండు చెవులూ తడిమి చూడకుండా, వీలైతే నువ్వు పోయావా అని దాన్నే ఒక మాట అడగకుండా పూడ్చను. పసుపును చూసి, సున్నాన్ని చూసి, ఆ రెంటి బిడ్డను చూసి బతికినంత కాలం జడుసుకోను.

ప్రమాణం అయ్యాక చూసుకుంటే చెయ్యంతా పచ్చగా అయింది. లేచి పోయి, నల్లా కింద బట్టల సబ్బుతో రుద్దాను. నీళ్లు ఎర్రగా కారాయి.

నేను పెట్టిన కేకకు మల్లేశం పోయి బోనులో గడియ పెట్టుకున్నాడు.